బాలిలో బీచ్ క్లబ్బు: ఎవరికి గిట్టుబాటు, ఎవరికి దండగ

బాలి ప్యాకేజీ కాగితంలో నాలుగో రోజుకో ఐదో రోజుకో "బీచ్ క్లబ్ విజిట్" అని ఒక లైను ఉంటుంది. బీచ్ క్లబ్ అంటే సముద్రం ఒడ్డున పూల్, బార్, తిండి అన్నీ ఒకేచోట ఉండే చోటు. ఆ లైను చూసి ప్యాకేజీకి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టినవాళ్ళు మనవాళ్ళలో చాలామంది. అక్కడికి వెళ్ళాక తేలేది ఏమిటంటే, చాలా క్లబ్బుల్లో గేటు దాటడానికి డబ్బే అక్కర్లేదు. డబ్బంతా లోపల కూర్చునే చోటికే. పగలు నడుం వాల్చే మంచం కావాలంటే ఇంత, పూల్ పక్కన అయితే ఇంత, సముద్రానికి ఎదురుగా అయితే ఇంత. ఆ మాట ఏజెంటు చెప్పడు, డ్రైవరు చెప్పడు. గేటు దగ్గర చేతికి పట్టీ కట్టే అమ్మాయి చెబుతుంది, అప్పటికి పిల్లలు పూల్ చూసేసి ఉంటారు. ఇక ఆ సాయంత్రమంతా ఆయన మెనూలో ధరలు చూస్తూ, ఆవిడ ఆయన ముఖం చూస్తూ గడిచిపోతుంది. ఇది జరగకూడదనే ఈ లెక్కంతా.

ముందు డబ్బు చదవడం రావాలి. ఒక లక్ష ఇండోనేషియా రూపియా అంటే మన డబ్బులో దాదాపు ₹535. రేటు రోజూ కాస్త మారుతుంది కాబట్టి బయల్దేరేముందు ఒకసారి చూసుకోండి. అక్కడ వేలకు చుక్క పెడతారు, అంటే 150.000 అని ఉంటే లక్షా యాభై వేలు. క్లబ్బు మెనూల్లో ఆ సున్నాలు కూడా తీసేసి ఉత్త 150 అని వేస్తారు. ‘రిబు’ అంటే వెయ్యి, ‘జుటా’ అంటే పది లక్షలు. "దువా జుటా" అని ఎవరైనా తేలిగ్గా అనేస్తే అది ₹10,700 అని వెంటనే తట్టాలి.

ఇక అసలు చిక్కు మినిమమ్ స్పెండ్. మంచానికి అద్దె లేదంటారు, కానీ ఆ మంచం మీద కూర్చున్నవాళ్ళు కనీసం ఇంత తినాలి, తాగాలి అని ఒక మొత్తం పెడతారు. తిన్నా తినకపోయినా ఆ మొత్తం మీదే. మిగిలితే తిరిగి ఇవ్వరు, మర్నాటికి జమ చెయ్యరు. దాని మీద మెనూ అడుగున సన్నటి అక్షరాల్లో రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. ఒకటి సర్వీస్ చార్జ్, రెండోది ప్రభుత్వ పన్ను. చాలాచోట్ల సర్వీస్ 10 శాతం వేసి, ఆ వచ్చిన మొత్తం మీద మళ్ళీ 10 శాతం పన్ను వేస్తారు. అంటే 20 కాదు, 21 శాతం. కొన్నిచోట్ల సర్వీస్ తక్కువ ఉండి 15, 16 దగ్గర ఆగుతుంది. మినిమమ్ స్పెండ్ లో ఈ పన్నులు కలిసి ఉన్నాయా, విడిగానా అన్నది బుక్ చేసేముందే రాతపూర్వకంగా అడగండి. విడిగా అయితే 15 లక్షల రూపియా మంచం 18,15,000 అవుతుంది. మన డబ్బులో ₹9,700. మొదట అనుకున్న ₹8,000కి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ 15 లక్షలు ఎవరు తినగలరో చూద్దాం. ధరలు క్లబ్బు క్లబ్బుకీ మారతాయి, కింద వేసుకున్నవి లెక్క కోసం మధ్యరకం ధరలు. తాగే అలవాటున్న భార్యాభర్తలిద్దరు ఉదయం 11కి వెళ్ళి సూర్యాస్తమయం దాకా ఉన్నారనుకోండి. చిన్న బింటాంగ్ బీర్లు నాలుగు, ఒక్కోటి 65,000 చొప్పున 2,60,000. కాక్‌టెయిల్స్ నాలుగు, ఒక్కోటి 1,60,000 చొప్పున 6,40,000. ఒక పిజ్జా 1,50,000. చేపో చికెనో ఒక పెద్ద ప్లేటు 1,80,000. ఫ్రెంచ్ ఫ్రైస్ 85,000. రెండు మంచినీళ్ళ సీసాలు 90,000. చివర్లో ఒక స్వీటు 95,000. సరిగ్గా 15 లక్షలు. ఏడు గంటల్లో ఇద్దరు మనుషులకి హాయిగా అయ్యే ఖర్చే. వీళ్ళకి మంచం, పూల్, తువ్వాళ్ళు, షవరు, సూర్యాస్తమయం అన్నీ ఉచితంగా వచ్చినట్టే. వీళ్ళు నిశ్చింతగా వెళ్ళొచ్చు.

ఇప్పుడు అదే మంచం మీద తాగని, మాంసం తినని నలుగురి కుటుంబాన్ని కూర్చోబెట్టండి. రెండు పిజ్జాలు 3,00,000, ఫ్రైస్ 85,000, నాలుగు జ్యూసులు 2,80,000, నీళ్ళు 90,000, పిల్లలకి రెండు ఐస్‌క్రీములు 1,20,000. మొత్తం 8,75,000. కడుపు నిండిపోయింది, ఇంకా 6,25,000 మిగిలే ఉంది. అంటే పన్నులు పక్కన పెట్టినా ₹3,340 గాల్లో కలిసినట్టు. సాయంత్రం ఐదింటికి వెయిటరు వచ్చి ఇంకా ఇంత మిగిలిందని చెబితే, ఆకలి లేకపోయినా ఏదో ఒకటి తెప్పించి సగం తిని వదిలేస్తారు. అన్నం పారెయ్యకూడదని పెరిగిన పెద్దవాళ్ళు పక్కనుంటే ఆ బాధ వేరే. క్లబ్బు లెక్కంతా మద్యం మీద కట్టినది. ఇండోనేషియాలో మద్యం మీద పన్నులు భారీగా ఉంటాయి కాబట్టి గ్లాసు ధర ఎక్కువ, చూస్తూ చూస్తూనే మినిమమ్ కరిగిపోతుంది. మద్యం లేని బల్ల మీద అది కరగదు. తాగని కుటుంబానికి పూటంతా మంచం దండగేనన్నది నా గట్టి అభిప్రాయం.

శాకాహారులకి ఇంకో ఇబ్బంది. అక్కడి సంబల్ పచ్చళ్ళలో చాలావాటిలో తెరాసి పడుతుంది, అంటే రొయ్యల ముద్ద. కూరగాయల వేపుడు అని రాసి ఉన్నా చేపల సాస్ పడొచ్చు. "తన్పా తెరాసి, తన్పా ఇకాన్" అంటే రొయ్యల ముద్ద వద్దు, చేప వద్దు అని. గుడ్డు ‘తెలూర్’, పంది ‘బాబి’, ఎద్దు మాంసం ‘సాపి’. ఈ ఐదు మాటలూ ఫోన్లో రాసి పెట్టుకుంటే క్లబ్బులోనే కాదు, ఊళ్ళో ప్రతిచోటా పనికొస్తాయి.

మంచం లేకుండా వెళ్ళే దారి ఉంది, మనవాళ్ళలో ఎక్కువమందికి సరిపడేది అదే. సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళి బార్ దగ్గర స్టూలో, మెట్ల మీద దిండో, మినిమమ్ లేని బల్లో అడగండి. సెమిన్యాక్ లో పొటాటో హెడ్ ఉంది చూశారూ, పాత చెక్క కిటికీ తలుపులన్నీ తెచ్చి పెద్ద గోడగా పేర్చిన కట్టడం, 2010లో మొదలైంది. దాన్ని చూడటానికే ఒకసారి వెళ్ళాలి, దానికి పగలంతా ఉండక్కర్లేదు. రెండు చిన్న బీర్లు, ఒక ఫ్రైస్ అంటే పన్నులతో 2,60,000, మన ₹1,390. సూర్యుడు మంచం మీద ఉన్నవాళ్ళకీ స్టూలు మీద ఉన్నవాళ్ళకీ ఒకేలా దిగుతాడు. జూన్, జూలైల్లో ఆరూ ఐదు, పది ప్రాంతంలో, జనవరి, ఫిబ్రవరుల్లో ఆరూ నలభై ఐదు ప్రాంతంలో. కొన్ని క్లబ్బుల్లో మాత్రం మంచం లేనివాళ్ళని పూల్ లోకి దిగనివ్వరు. పిల్లలు ఉంటే ఈ ప్రశ్న ముందే అడగాలి, లేకపోతే పిల్లల ఏడుపుకి మంచం తీసుకోవాల్సి వస్తుంది.

అంతకన్నా చౌక, క్లబ్బు గోడకి బయటి ఇసుక. సెమిన్యాక్ డబుల్ సిక్స్ బీచ్ లో రంగురంగుల గొడుగుల కింద బీన్ బ్యాగులు వేసి ఉంటాయి, లా ప్లాంచా ఆ వరసలో పేరున్నది. ఏదో ఒకటి తెప్పించుకుంటే చాలు, పాట కూడా వినిపిస్తుంది. పగటిపూట ఇసుక మీద గొడుగు, రెండు పడక కుర్చీలు లక్ష, లక్షన్నర రూపియా అడుగుతారు, బేరం ఆడితే తగ్గుతారు. కొబ్బరిబొండం 30,000 ప్రాంతం. వెనక సందులో వరుంగ్ అనే చిన్న పూటకూళ్ళ కొట్టులో నాసి చంపూర్, అంటే అన్నం చుట్టూ నాలుగైదు రకాల కూరలు, 30,000 నుంచి 50,000 లోపు. మనవాళ్ళ నాలుక్కి క్లబ్బు పిజ్జా కన్నా ఇదే నచ్చుతుంది. కాక్‌టెయిల్ మాత్రం చౌకగా ఇస్తున్నారని ఎక్కడపడితే అక్కడ తాగకండి. 2009లో మిథనాల్ అనే విషం కలిసిన అరక్, అంటే అక్కడి సారా, తాగి 25 మంది దాకా చనిపోయారు. సీసా మూత మీ ముందు తీసే బీరు మేలు.

క్లబ్బుల్లో కొన్నిచోట్ల మినిమమ్ కాకుండా టికెట్ ఉంటుంది, ఆ టికెట్ సొమ్ములో కొంత భాగం తిండికి వాడుకోవచ్చు. తాగని కుటుంబానికి ఈ రకమే మంచిది, ఎందుకంటే తలకి ఇంత అని ముందే తేలిపోతుంది. దక్షిణాన ఉంగాసన్ లో సండేస్ బీచ్ క్లబ్బు కొండ కింద ఉంది, పట్టాల మీద జారే లిఫ్టులో దిగుతారు. తెల్లటి ఇసుక, అలలు కాస్త శాంతం. సెమిన్యాక్, చంగు వైపు ఇసుక ముదురు బూడిద రంగు, కెరటాలు పెద్దవి, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. అక్కడ ఎర్ర, పసుపు జెండాల మధ్యే దిగాలి, ఉత్త ఎర్ర జెండా ఉంటే అసలు దిగకూడదు. "బీచ్ క్లబ్బు కదా, సముద్రంలో ఈదొచ్చు" అనుకుని ఎవరూ డబ్బు కట్టకండి, అక్కడ ఈదేది పూల్ లోనే.

అందుకే పూల్ విల్లాలో దిగినవాళ్ళకి ఒక మాట. రాత్రికి ₹6,000, ₹7,000 పెట్టి సొంత పూల్ ఉన్న విల్లా తీసుకుని, మళ్ళీ పగలంతా క్లబ్బు పూల్ దగ్గర గడిపితే ఒకే రోజు రెండు పూల్స్ కి కట్టినట్టు. క్లబ్బు రోజు పెట్టుకోవాలంటే మామూలు గెస్ట్‌హౌస్ లో ఉన్న రోజున పెట్టుకోండి. లేదా ఆఖరి రోజున. 12కి గది ఖాళీ చెయ్యాలి, విమానం అర్ధరాత్రి. ఆ పన్నెండు గంటలు సామాన్లతో రోడ్డు మీద తిరిగే బదులు షవరు, నీడ ఉన్న చోట కూర్చోవడానికి డబ్బు పెట్టడం న్యాయమే. సూట్‌కేసులు పెట్టుకోనిస్తారా అని మాత్రం ముందే అడగండి. చంగు నుంచి ఎయిర్‌పోర్టుకి సాయంత్రం ట్రాఫిక్ లో గంటన్నర వేసుకోండి.

ప్యాకేజీల్లో ఇంకో తప్పు తరచూ కనిపిస్తుంది: ఉలువాటు గుడి, కెచక్ నాట్యం, క్లబ్బు సూర్యాస్తమయం మూడూ ఒకే సాయంత్రం. కెచక్ మొదటి ఆట ఆరింటికి. సూర్యుడు దిగేదీ ఆరు, ఏడు మధ్యే. రెండూ కుదరవు. రెంటిలో ఒకటి ఎంచుకోమంటే కెచక్ చూడండి, రామాయణం ఆ గొంతుల్లో వినడం మనకి వేరే ఎక్కడా దొరకదు. నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం, పడమటి తీరానికి ప్లాస్టిక్ చెత్త కొట్టుకొస్తుంది. ఆ నెలల్లో ముందుగా డబ్బు కట్టి మంచం బుక్ చెయ్యొద్దు, వాన పడితే వెనక్కి ఇవ్వని చోట్లే ఎక్కువ. వానాకాలంలో ఎప్పుడు వెళ్ళినా ఆ రోజు ఆకాశం చూసుకుని నేరుగా వెళ్ళడం మేలు, రద్దీ తక్కువ కాబట్టి చోటు దొరుకుతుంది.

బట్టల గురించి పెద్దవాళ్ళకి ముందే చెప్పాలి. నూలు చుడీదారుతో, లుంగీతో, బనీనుతో పూల్ లోకి దిగనివ్వరు. నైలాన్, లైక్రా ఈత బట్టలే కావాలి. పొడుగు చేతులవి, మోకాళ్ళ కింది దాకా ఉన్నవి హైదరాబాద్ లోనే కొనుక్కోండి, క్లబ్బు కొట్లో కొంటే మూడింతలు. కొన్ని క్లబ్బులు పెద్దలకి మాత్రమే, పిల్లలతో గేటు దాకా వెళ్ళి వెనక్కి రావాల్సి వస్తుంది. సంచులు వెతుకుతారు, బయటి తిండి, నీళ్ళ సీసా లోపలికి రానివ్వరు. చంటిబిడ్డ పాలు, అన్నం ఉంటే చూపించి అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు.

బిల్లు దగ్గర మూడు చూడండి. సాయంత్రం నాలుగింటికే మినిమమ్ లో ఎంత మిగిలిందో అడగండి, ఆకలి ఉండగానే వాడుకోవచ్చు. బిల్లులో సర్వీస్ చార్జ్ ఉంటే విడిగా టిప్ ఇవ్వక్కర్లేదు. కార్డు మిషను మన రూపాయల్లోనా, రూపియాలోనా అని అడుగుతుంది, ఎప్పుడూ రూపియానే నొక్కండి. మన రూపాయలు నొక్కితే వాళ్ళ బ్యాంకు వేసే రేటు మనకి నష్టం, దాని మీద మన కార్డు విదేశీ చార్జీ కూడా పడొచ్చు.