ఫైఫాక్స్ యాప్: మా లిఫ్టులో దొరికిన త్వరణం

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. సూత్రాలన్నీ గడగడా చెప్పేస్తుంది గానీ పైకి విసిరిన బంతి పైన ఆగిన క్షణంలో త్వరణం ఎంతే అంటే ఠక్కున సున్నా అనేది. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకునేవాడిని, ఆగిపోయింది కదా ఇంకేముంటుందని. ఎవరో చెప్తే ఈ యాప్ వేసుకున్నాం, జర్మనీలో ఆకెన్‌లోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ యూనివర్సిటీ వాళ్ళది, 2016లో వచ్చింది, ఫ్రీ. వేగం, త్వరణం లాంటివి ఫోన్‌లో ఉన్న సెన్సార్లతోనే కొలుస్తుంది.

ఇందులో లిఫ్ట్ ప్రయోగం ఒక్కటి చాలు. ఫోన్ లిఫ్టులో కింద పెట్టి ఐదో ఫ్లోర్‌కి వెళ్ళాం (వాచ్‌మన్ ఏమైనా రిపేరా సార్ అని రెండుసార్లు అడిగాడు). ఎత్తు, వేగం, త్వరణం మూడు గ్రాఫులూ ఒకేసారి వస్తాయి. బయల్దేరగానే త్వరణం గుట్టలా లేచి పడిపోయింది, మధ్యలో అంతా సున్నా దగ్గరే, వేగం చూస్తే అప్పుడే ఫుల్లు, సెకనుకి దాదాపు 1 మీటరు. ఆగబోయే ముందు త్వరణం మైనస్‌లోకి దిగింది, లిఫ్టు ఇంకా పైకే పోతోంది మరి! దిగేటప్పుడు ఇంకా మజా, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఆగేటప్పుడు మళ్ళీ పైకి గుట్ట, ఇందాక పైకి బయల్దేరినప్పటి లాగే. ఆ రెండుసార్లూ కాళ్ళ మీద బరువు పెరిగినట్టుంటుంది, గమనించండి. "అంటే నాన్నా, ఎంత వేగంగా పోతోందని కాదు, వేగం ఎలా మారుతోందనా?" అంది. బంతి లెక్క తర్వాత తనే సరిచేసుకుంది, 9.8 (మీ/సె²), కిందకి అని.

ఒకచోట మాత్రం తికమక పడతారు. గ్రావిటీతో కలిపి కొలిచే ఆప్షన్ పెడితే బల్ల మీద కదలని ఫోన్ కూడా 9.8 చూపిస్తుంది, అదే దిండు మీదకి వదిలేస్తే పడేటంతసేపు సున్నా దగ్గరకొస్తుంది. తప్పు యాప్‌ది కాదు, సెన్సార్ లోపల స్ప్రింగు లాంటి దానికి వేలాడే చిన్న ముక్క ఉంటుంది, పడేటప్పుడు అదీ ఫోన్‌తో పాటే పడుతుంది, ఇక దేన్ని లాగుతుంది? మొదట్లో గ్రావిటీ లేని ఆప్షనే పెట్టుకోండి.

ఇంకోటి, లిఫ్టులో ఎత్తూ వేగం లెక్క గాలి ఒత్తిడిని బట్టి కడుతుంది కాబట్టి ఫోన్‌లో బారోమీటర్ ఉండాలి. నా ఫోన్‌లో లేదు, మా ఆవిడది లాక్కున్నాం. ఇప్పుడు ఆర్టీసీ బస్సు బ్రేకు కొలుస్తానంటోంది, ఫోన్ మళ్ళీ వాళ్ళమ్మదే కావాలట.