గోల్డ్‌షైర్ నుంచి బూటీ బే దాకా: ఎక్కడ దిగాలి, దేంట్లో పోవాలి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో కొత్తగా అడుగుపెట్టినవాళ్లు ముందుగా అడిగేది ఏ కత్తి మంచిది, ఏ మంత్రం గట్టిది అని. అడగాల్సింది రాత్రికి ఎక్కడ దిగాలి అని. ఈ ఆటలో 40వ లెవెల్ దాకా ఎక్కడానికి గుర్రం దొరకదు. అప్పటిదాకా ఊరికీ ఊరికీ నడకే. బస్సు వేళలు తెలుసుకోకుండా నల్లగొండ నుంచి దేవరకొండ బయల్దేరినవాడికి సగం పూట స్టాండులోనే పోయినట్టు, ఇక్కడ సత్రాలు, పడవలు, ఊరి నుంచి ఊరికి మోసుకుపోయే గ్రిఫిన్ పక్షుల స్టాండ్లు తెలియనివాడికి ఆట టైమంతా దారిలోనే కరిగిపోతుంది. ఈ రాత ఆటలోని రెండు పక్షాల్లో ఒకటైన అలయన్స్ తరఫున మనిషి పాత్రతో మొదలుపెట్టేవాళ్ల కోసం.

బయల్దేరేముందు ఇంటి సంగతి చూసుకోవాలి. ఈ ఆటకు మన దేశంలో సర్వర్ లేదు. నల్లగొండలో కూర్చున్నా, మహబూబ్‌నగర్‌లో కూర్చున్నా యూరప్‌కో అమెరికాకో తగిలించుకోవాల్సిందే. పింగ్, అంటే మన నొక్కుడు సర్వర్‌కు పోయి తిరిగొచ్చే సమయం, తరచుగా 150 మిల్లీసెకన్లు దాటుతుంది. భయపడనక్కర్లేదు. చాలా పాత్రలకు ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఎలాగూ 1.5 సెకన్ల విరామం ఉంటుంది కాబట్టి 200 దాకా ఆట నడుస్తుంది. తేడా కనిపించేది జట్టు గాయాలు మాన్పే హీలర్‌కు, శత్రువు మంత్రాన్ని మధ్యలో ఆపాల్సినవాళ్లకు. వాళ్లు వైఫై వదిలి రౌటర్ నుంచి నేరుగా కేబుల్ వేసుకోవడం మేలు. కరెంటు పోతే పీసీకి యూపీఎస్ ఉండి రౌటర్‌కు లేకపోతే లాభం లేదు, రెండూ ఇన్వర్టర్ లైనులో ఉండాలి. డబ్బు కట్టేటప్పుడు కార్డు తిరస్కరిస్తే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో ముందు చూడండి. ఎక్కువసార్లు గొడవ అక్కడే.

ఏ ప్రాంతం ఎంచుకోవాలన్నది మీ నిద్రను బట్టి ఉంటుంది. మధ్య యూరప్‌లో రాత్రి 8 అంటే మనకు వేసవిలో 11:30, చలికాలంలో 12:30. వారపు రోజుల్లో మనం ఏడింటికి భోంచేసి కూర్చుంటే అక్కడ ఇంకా మధ్యాహ్నం, జట్టు దొరకడం కష్టం. శని, ఆదివారాల్లో ఆ బాధ లేదు. అమెరికా తూర్పు తీరంలో వేసవి రాత్రి 8 గంటలు మనకు తెల్లవారుజాము 5:30. పెందలాడే లేచేవాళ్లకు ఇది నిజంగా బాగుంటుంది. అమెరికా సర్వర్లకు వారానికోసారి జరిగే మరమ్మతు అక్కడి మంగళవారం పొద్దున, అంటే మనకు మంగళవారం రాత్రి. ఆ పూట జట్టు ఆట పెట్టుకోవద్దు.

ఇక సత్రాల పద్ధతి. ఊళ్లో ఉన్న సత్రంలో లాగౌట్ చేస్తే ప్రతి 8 గంటలకు ఒక లెవెల్‌లో 5 శాతం 'విశ్రాంతి' జమ అవుతుంది. ఆ జమ ఉన్నంతసేపు చంపిన ప్రతి ప్రాణికి అనుభవం రెట్టింపు. అడవిలో లాగౌట్ చేసినా జమ అవుతుంది కానీ నాలుగో వంతు వేగంతో. గరిష్ఠం లెవెలున్నర, అది నిండడానికి సత్రంలో 10 రోజులు పడుతుంది. అద్దె ఏమీ ఉండదు. పెద్ద పట్నంలో పడుకున్నా పల్లె సత్రంలో పడుకున్నా జమ ఒకటే, దీనికోసం పట్నం దాకా పోవడం వృథా. సత్రంలోనైతే లాగౌట్ వెంటనే అవుతుంది, బయటైతే 20 సెకన్లు ఆగాలి.

సత్రం యజమానితో మాట్లాడి హెర్త్‌స్టోన్ అనే రాయిని అక్కడికి కట్టుకోవచ్చు. అది నొక్కితే 10 సెకన్లలో ఆ సత్రం ముందుంటారు, మళ్లీ వాడాలంటే గంట ఆగాలి. కొత్తవాళ్లు దీన్ని పెద్ద పట్నం స్టార్మ్‌విండ్‌లో కట్టేసి మర్చిపోతారు. పట్నానికి పక్షి మీద ఎలాగూ పోవచ్చు. రాయి కట్టాల్సింది మీరు పనులు అప్పజెప్పే ఊళ్లో.

మొదటి మజిలీ గోల్డ్‌షైర్. చిన్న ఊరైనా సౌకర్యం గొప్పది. మేజ్, ప్రీస్ట్, రోగ్ తరగతుల పాత్రలకు విద్య నేర్పే గురువులు సత్రంలోనే ఉంటారు, వార్లాక్ గురువు దాని నేలమాళిగలో. వారియర్, పాలడిన్ గురువులు పక్కనున్న కమ్మరి కొలిమిలో. కవచం బాగుచేయించుకోవడమూ అక్కడే. లోటల్లా పక్షి స్టాండు లేకపోవడం. 10 లెవెళ్ల దాకా దీన్ని వదలక్కర్లేదు. ఈ ప్రాంతానికి నైరుతి మూలన హాగర్ అనే 11వ లెవెల్ ఎలీట్ (మామూలు వాటికంటే చాలా గట్టి శత్రువు) ఉంటాడు, ఒంటరిగా పోవద్దు.

తర్వాత వెస్ట్‌ఫాల్. ఎండిన పొలాలు, పాడుబడ్డ ఇళ్లు. చూస్తే మన మెట్ట పొలాలు ఎండాకాలంలో ఉన్నట్టే ఉంటుంది. ఇక్కడి ఊరు సెంటినల్ హిల్‌కు చేరగానే ముందు చేయాల్సిన పని పక్షి స్టాండు మనిషిని పలకరించడం. ఏ స్టాండుకైనా ఒక్కసారి కాలినడకన వస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది. ఇది మర్చిపోయి ముందుకు పోతే మళ్లీ నడవాల్సిందే. రాయి కూడా ఇక్కడి సత్రానికే మార్చుకోండి.

ఈ ప్రాంతంలో కొత్తవాళ్లను ఏడిపించేది సంచి. మొదట ఇచ్చేది 16 గదులదే. సాల్డియన్ పొలంలో అడిగే కూరకు రాబందు మాంసం, అడవిపంది ముట్టె, మర్లాక్ (చేపమనిషి) కన్ను, బెండకాయ, ఒక్కోటి మూడేసి కావాలి. అవి పనికిరానివనుకుని అంగడిలో అమ్ముకుని, తర్వాత మళ్లీ వేటకు పోయేవాళ్లే ఎక్కువ. దారిలో దొరికినప్పటి నుంచే దాచుకోండి. సముద్రపు ఒడ్డున మర్లాక్‌ల దగ్గర పైలం. ప్రాణం తగ్గగానే పరుగెత్తి పక్క గుంపును వెంటేసుకొస్తాయి. వేగం తగ్గించే మంత్రమో దెబ్బో అప్పటికి సిద్ధంగా ఉంచుకోవాలి.

మూన్‌బ్రూక్ ఊరి కింద డెడ్‌మైన్స్ చెరసాల (జట్టుగా దిగాల్సిన డంజన్) ఈ దారిలో అసలైన ఆకర్షణ. ఐదుగురు కావాలి: దెబ్బలు కాసే ట్యాంక్ ఒకరు, హీలర్ ఒకరు, కొట్టేవాళ్లు ముగ్గురు. 18 నుంచి 20 లెవెల్ ఉంటే హాయి. కనీసం గంటన్నర చేతిలో పెట్టుకుని దిగండి. భోజనానికి పిలుపొచ్చే వేళ మొదలుపెడితే మిగతా నలుగురికీ అన్యాయం. గని లోపలి ప్రాణులు అసలు ద్వారం దాటకముందే గట్టిగా ఉంటాయి, జట్టంతా చేరాకే దిగాలి. మొదటి పెద్ద శత్రువు రాక్‌జోర్ చచ్చాక వెనక నుంచి గస్తీ వస్తుంది. హీలర్ నిలబడేది వెనకే కాబట్టి మొదట చచ్చేదీ ఆ హీలరే. ఆ కొద్దిసేపు అందరూ కదలకుండా నిలబడితే చాలు. గని లోపలి ఓడ మీద మిస్టర్ స్మైట్ రెండుసార్లు అందరినీ స్తంభింపజేసి ఆయుధం మారుస్తాడు. ఆ స్తంభన వచ్చేముందే ట్యాంక్ ప్రాణం నిండుగా ఉంచాలి. చివర్లో వాళ్ల నాయకుడు వాన్‌క్లీఫ్ ఇద్దరు అనుచరులను పిలుస్తాడు. వాళ్లను ముందు తీసేస్తే మిగతాది తేలిక.

చచ్చిపోతే ఆత్మగా శవం దాకా నడిచి లేవడమే మేలు. నష్టం ఒంటిమీది సామాను మన్నికలో 10 శాతం. సమాధుల దగ్గరి స్పిరిట్ హీలర్‌ను అడిగితే వెంటనే లేపుతుంది కానీ సంచిలోదీ ఒంటిమీదదీ మొత్తం 25 శాతం అరుగుతుంది. 11వ లెవెల్ నుంచి కొన్ని నిమిషాల నీరసం అదనం, 20 నుంచి అది 10 నిమిషాలు. శవం శత్రువుల నడుమ ఇరుక్కుంటే తప్ప ఆ సేవ వాడొద్దు.

రెడ్‌రిడ్జ్ ప్రాంతంలో లేక్‌షైర్ ఊరు ఫర్వాలేదు, సత్రమూ పక్షీ ఉన్నాయి. డస్క్‌వుడ్ సంగతి వేరు. పగలు కూడా చీకటే. మన్ననూరు చెక్‌పోస్టు దాటి రాత్రివేళ నల్లమలలోకి అడుగుపెడితే ఎలా ఉంటుందో అలాంటి అడవి. డార్క్‌షైర్ సత్రం మంచి మజిలీ, కానీ పనులన్నీ ఇక్కడి నుంచి పడమర కొస దాకా పరుగెత్తిస్తాయి. రోడ్డు వదలకుండా పోవాలి. పడమటి నుంచి స్టిచెస్ అనే 35వ లెవెల్ ఎలీట్ ఊరి వైపు నడిచొస్తున్నాడని అరుపు వినిపిస్తే రోడ్డు దిగి పక్కకు తప్పుకోండి.

పట్నాల్లో స్టార్మ్‌విండ్, ఐరన్‌ఫోర్జ్ మధ్య భూగర్భ ట్రామ్ ఉచితం. రెండింటా వేలంశాల, బ్యాంకు, సత్రం, తపాలా పెట్టె దగ్గర దగ్గరే. వేలంశాలలో అమ్మకం మీద 5 శాతం కోత. సామాను తపాలాలో పంపితే గంటకు చేరుతుంది, కాబట్టి మరో పాత్రకు పంపాల్సింది ఆట ముగించేముందు వేసేయండి.

పడవలకూ టికెట్ లేదు. మెనెథిల్ రేవు నుంచి ఆబర్డైన్, థెరమోర్ రేవులకు పోతాయి. నడిసముద్రంలో అంచున గెంతి కింద పడితే తెర మీది అలసట పట్టీ అయిపోయి ప్రాణం పోతుంది, నిలకడగా నిలబడండి. తొందరుంటే 40 దాటిన మేజ్‌ను పోర్టల్ (పట్నానికి నేరుగా పోయే మంత్రద్వారం) అడగొచ్చు. పోర్టల్‌కు కావాల్సిన రూన్‌కు వాళ్లకు 20 వెండి నాణేల ఖర్చు, పైన ఏదైనా ఇవ్వడం మర్యాద. వార్లాక్ అయితే మరో ఇద్దరి సాయంతో దూరాన ఉన్నవాళ్లను లాక్కోగలరు. చెరసాల ముందు నలుగురు ఎదురుచూస్తున్నప్పుడు దీన్ని మించిన సేవ లేదు.

చివరి మజిలీ బూటీ బే. గాబ్లిన్ల రేవు, రెండు పక్షాలకూ ఉమ్మడి. చెరువుగట్టు జాతరంత సందడి. ఇక్కడి వేలంశాలలో కోత 15 శాతం కాబట్టి మామూలు సరుకు అమ్మొద్దు. 30 దాటాక స్ట్రాంగిల్‌థార్న్ అడవిలో అలయన్స్‌కు ఉన్న ఏకైక సత్రం ఇదే, అదీ దక్షిణపు కొసన. వేట పనులిచ్చే నెసింగ్‌వరీ శిబిరం ఉత్తరాన ఉంటుంది. అందుకే రాయి బూటీ బేలో కట్టుకుని, పొద్దున డార్క్‌షైర్‌కు పక్షి ఎక్కి, అక్కడి నుంచి దక్షిణంగా వేటాడుతూ దిగి, సంచి నిండాక రాయి నొక్కండి. ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకోగల పీవీపీ సర్వర్‌లో అయితే ఈ అడవిలో ఎదుటి పక్షం హోర్డ్ వాళ్లు పొదల చాటున కాచుకుని ఉంటారు. ప్రాణం, మనా (మంత్రశక్తి) సగం కంటే తక్కువున్నప్పుడు కొత్త ప్రాణి మీదికి పోకుండా కూర్చుని తిని, తాగి లేవండి.