సిన్సా, ఫరా? కాలం చెప్పేటప్పుడు ఎక్కడ ఏది నప్పుతుంది

‘రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను’, ‘2020 నుంచి పనిచేస్తున్నాను’. మనకు రెండుచోట్లా ‘నుంచి’ చాలు. ఇంగ్లిష్‌లో మొదటిదానికి ఫర్, రెండోదానికి సిన్స్. ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్’ పుట్టేది ఇక్కడే. అందులో తప్పులు రెండు. సిన్స్‌ను ఫర్‌గా దిద్దుకున్నవాళ్లు కూడా క్రియను అలాగే వదిలేస్తుంటారు. అది ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి.

సిన్స్ పక్కన మొదలైన సమయం వస్తుంది, ఫర్ పక్కన గడిచిన వ్యవధి. ఈ నిర్వచనం మాట్లాడే వేగంలో గుర్తుకు రాదు. అంతకంటే సులువు, తెలుగులో ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టి చూడటం. ‘రెండేళ్లుగా’, ‘చాలాకాలంగా’ కుదిరాయి, కాబట్టి ఫర్. ‘సోమవారంగా’, ‘చిన్నప్పటిగా’ కుదరవు, కాబట్టి సిన్స్. ‘సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్’ కూడా దీనికే దొరికిపోతుంది: ‘గత రెండేళ్లుగా’ అంటాం కదా, అంటే ‘ఫర్ ద లాస్ట్ టూ ఇయర్స్’.

కాలాల విషయంలో ఫర్‌కు పట్టింపు లేదు. ‘ఐ లివ్డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అంటే ఇప్పుడు అక్కడ లేను. ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అంటే ఇంకా ఇక్కడే ఉన్నాను. ‘ఐ విల్ స్టే ఫర్ టూ డేస్’ కూడా సరే. రెండో వాక్యంలో ఫర్ ఎగిరిపోయినా చెల్లుతుంది. కానీ ‘హావెంట్ సీన్ హిమ్ ఫర్ టూ ఇయర్స్’ లాంటి వ్యతిరేక వాక్యంలో మాత్రం తీయకూడదు.

సిన్స్ అంత సర్దుకుపోదు. ప్రధాన వాక్యంలో మామూలుగా ‘హావ్’, ‘హాజ్’, ‘హాడ్’ అడుగుతుంది. అయితే వ్యాకరణంలో దాని పాత్రలు ఎక్కువ. నామవాచకం ముందు ప్రిపోజిషన్. ‘సిన్స్ ఐ లెఫ్ట్ స్కూల్’లో పూర్తి ఉపవాక్యాన్ని మోసే కంజంక్షన్. ‘ఐ హావెంట్ సీన్ హిమ్ సిన్స్’లో ఒంటరిగా నిలిచే యాడ్వెర్బ్. కాలం చెప్పే ఫర్‌కు ఈ చివరి రెండూ చేతకావు.

చిక్కంతా కంజంక్షన్ దగ్గరే, ఎందుకంటే సిన్స్‌కు ‘కాబట్టి’ అనే అర్థం కూడా ఉంది. ‘సిన్స్ షి లెఫ్ట్, హి హాజ్ బీన్ అన్‌హాపీ’: ఆమె వెళ్లినప్పటి నుంచా, వెళ్లినందుకా? కారణమే చెప్పాలనుకుంటే ఇక్కడ ‘బికాజ్’ రాయడం మేలు. కాలమే అయితే ‘ఎవర్ సిన్స్’ అనండి.