ఆదిత్య 369, 24, ఒకే ఒక జీవితం: కాలయాన సినిమాల్లో ఏది మేలు?

కాలయంత్రం హీరో చెప్పినట్టల్లా వింటే ఉత్కంఠ అక్కడితో సరి. మూడు సినిమాలనూ నేను ఈ ఒక్క కొలతతోనే తూచాను. మీటలు, పొగ, రంగు దీపాలు లెక్కలోకి తీసుకోలేదు. శ్రీహరికోట రాకెట్ నింగికెగయడం మేడ మీద నుంచే చూసి పెరిగిన నెల్లూరు పిల్లలకు అలాంటి హంగులు చూపించి నోరు తెరిపించడం కష్టం.

ముందుగా 2016లో వచ్చిన 24. ఇందులో యంత్రమంటే చేతి గడియారమే. దర్శకుడు విక్రమ్ కుమార్ దానికి 24 గంటల హద్దు పెట్టాడు. అది గొప్ప ఆలోచన. శాస్త్రవేత్తగా, అతని కవల సోదరుడైన ప్రతినాయకుడు ఆత్రేయగా, గడియారాలు బాగుచేసే మణిగా సూర్య మూడు పాత్రలు వేశాడు. వాటిలో ఆత్రేయే మిన్న. పోగొట్టుకున్న 26 ఏళ్లు తిరిగి కావాలంటాడు. అంత స్పష్టమైన కోరిక ఉన్న విలన్లు మనకు తక్కువ. చిక్కంతా మణితోనే. గడియారం చేతికి రాగానే అమ్మాయిని మెప్పించే పనిలో పడతాడు. చినుకులు గాలిలో ఆగిపోయిన దృశ్యం చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ప్రతి పొరపాటునూ వెనక్కి తిప్పి దిద్దుకోగలిగినవాడి గురించి ప్రేక్షకుడు ఎందుకు కంగారు పడాలి? ఆ హద్దు కూడా చివరిదాకా నిలవదు.

2022 నాటి ఒకే ఒక జీవితం దీనికి పూర్తిగా ఎదురు. వేదిక ఎక్కాలంటే భయపడే గాయకుడు ఆది, ఇద్దరు స్నేహితులతో కలిసి 1998కి వెళతాడు. ప్రమాదంలో పోయిన తల్లిని కాపాడుకోవాలని అతని తపన. ఇంగ్లీషు సరిగా నేర్చుకోలేదన్న దిగులు ఒక స్నేహితుడిది, పెళ్లి విషయంలో తప్పు చేశానన్న బాధ ఇంకొకడిది. శర్వానంద్, అమల కలిసి కనిపించే దృశ్యాలు మనసును పట్టేస్తాయి. వెన్నెల కిశోర్ నవ్విస్తాడు. థ్రిల్లర్ అనుకుని కూర్చుంటే మాత్రం నిరాశే. ఇది కన్నీళ్ల సినిమా, ఆ లెక్కన చాలా మంచి సినిమా.

ఇక ఆదిత్య 369. 1991లో వచ్చిన ఈ చిత్రంలో యంత్రం ఎవరి మాటా వినదు. లోపల ఉన్నవాళ్లు అనుకోకుండా 1526లో, రాయల కాలంలో దిగుతారు. ఇంటికి తిరిగి వద్దామంటే అది తీసుకెళ్లి 2504లో పడేస్తుంది. అక్కడ అణుధార్మికతకు భయపడి జనం భూమి కింద బతుకుతుంటారు. ఇంతలో వర్తమానంలో ఒక వజ్రం కోసం అమ్రీష్ పురి కాచుకుని ఉంటాడు. ఎటు చూసినా ముప్పే. వర్తమానాన్ని పి.సి.శ్రీరామ్, గతాన్ని వి.ఎస్.ఆర్.స్వామి, భవిష్యత్తును కబీర్ లాల్ చిత్రీకరించారు. అందుకే ఒక్కో కాలానిదీ ఒక్కో వెలుగు.

మన నెల్లూరు జిల్లా వాళ్లకు ఇందులో ఇంకో రుచి ఉంది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1931లో పుట్టింది ఉదయగిరిలో. కృష్ణదేవరాయలు గజపతుల మీద నెలల తరబడి ముట్టడి సాగించి 1514లో గెలిచిన దుర్గం అదే. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. తెర మీద రాయలుగా కనిపించేదీ బాలకృష్ణే! ఇది కాకతాళీయమే కానీ, ఉదయగిరి కొండ చూసినవారు ముసిముసిగా నవ్వుకోకుండా ఉండలేరు. ఈ కథను నిర్మాత దగ్గరికి చేర్చిన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం కూడా నెల్లూరుతో అనుబంధం ఉన్నవాడే.

లోపాలు లేవా? ఉన్నాయి. భవిష్యత్తు భాగంలో సెట్లు ఇప్పుడు చూస్తే బొమ్మరిళ్లలా అనిపిస్తాయి. కొన్ని హాస్య సన్నివేశాలు సాగుతాయి. అయినా యంత్రం చెడిపోయిన క్షణాన పిల్లలు ముందుకు వంగి కూర్చుంటారు, రాయల సభ రాగానే పెద్దవాళ్లు ఫోన్లు పక్కన పెడతారు.

పండగకు కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి చుట్టాలు దిగి ఇల్లు నిండినప్పుడైతే ఆదిత్య 369 పెట్టండి. 2025లో 4కేలో మళ్లీ విడుదలైంది, పాత ముద్రణతో సరిపెట్టుకోవలసిన పని లేదు. అమ్మతో ఒంటరిగా కూర్చున్న రాత్రికి ఒకే ఒక జీవితం. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు తర్కం కావాలని పట్టుబడితే 24 ఇవ్వండి. గడియారం నియమాల మీద అతను తీసే తప్పులు వినడానికి మాత్రం ఓపిక ఉంచుకోండి.