ఫోన్ జీపీఎస్ ట్రాక్‌లు క్యూజీఐఎస్‌లోకి: చెరువు కట్టల వెంట ఏళ్లుగా వాడాక

వరంగల్, ములుగు వైపు గొలుసుకట్టు చెరువుల కాలువల వెంట నడిచి మ్యాపు గీయడం ఏళ్లుగా నాకు అలవాటు. ఒక చెరువు మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకి ఏ దారిన చేరుతున్నాయో, మధ్యలో ఎక్కడ పూడిపోయిందో తుమ్మచెట్ల కింద శాటిలైట్ బొమ్మకి అందదు. నడవాల్సిందే. నడిచిన దారి ఫోన్లో ఓస్మాండ్ అనే మ్యాపు యాప్ రికార్డు చేస్తుంది, ఇంటికొచ్చాక ల్యాప్‌టాప్‌లో మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ తెరుస్తాను. రెండూ ఓపెన్ సోర్స్, రెంటినీ పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు.

ఫైలు తెచ్చుకోవడం చాలా తేలిక. నడిచిన దారి నమోదై ఉండే జీపీఎక్స్ ఫైలుని ఫోన్ ఇస్తుంది, దాన్ని కేబుల్‌తోనో మెయిల్‌లోనో ల్యాప్‌టాప్‌కి పంపి, క్యూజీఐఎస్ కిటికీలోకి లాగి వదిలితే చాలు. అప్పుడొక చిన్న పెట్టె తెరుచుకుని ఏ లేయర్ కావాలని అడుగుతుంది: వేపాయింట్లు, రూట్లు, ట్రాకులు, రూట్ పాయింట్లు, ట్రాక్ పాయింట్లు. చాలామంది ఇక్కడ ట్రాకులు ఒక్కటే ఎంచుకుని ముందుకెళ్తారు. గీత కనపడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ గీతలో సమయం ఉండదు, ఎత్తూ ఉండదు. అవి రెండూ ట్రాక్ పాయింట్స్ లేయర్‌లో ఒక్కో చుక్క వెనక ఉంటాయి. నాకు క్యూజీఐఎస్ విలువ తెలిసింది ఈ చుక్కల దగ్గరే. ఊరికే దారి చూసుకోవాలంటే గూగుల్ ఎర్త్ ప్రో సరిపోతుంది, అదీ జీపీఎక్స్ తెరుస్తుంది, 2015 నుంచి ఉచితం కూడా. నడకని ప్రశ్నలు అడగాలంటే మాత్రం చుక్కలు కావాలి.

ఉదాహరణకి తూము ఫొటోలు. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో జియోట్యాగ్ (తీసిన చోటు వివరం) ఉన్న ఫొటోలని మ్యాపు మీదికి తెచ్చే టూల్ ఉంది. ఫోల్డర్ చూపిస్తే ఒక్కో ఫొటో ఒక్కో చుక్కగా వచ్చి కూర్చుంటుంది. ఫొటోలో స్థానం నమోదు కాకపోతే సమయాన్ని బట్టి ట్రాక్‌తో జత చేసుకోవాలి. అక్కడ ఒక మెలిక ఉంది. జీపీఎక్స్‌లో సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, ఫొటోలో మాత్రం మన గడియారం సమయం. పొద్దున్న 8 గంటలకి తీసిన ఫొటోకి సరిపోయే చుక్క ట్రాక్‌లో 2.30 దగ్గర ఉంటుంది. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ట్రాక్ సమయానికి అయిదున్నర గంటలు కలిపి కొత్త కాలమ్ చేసుకుంటే మత్తడి దగ్గర తీసిన బొమ్మ మత్తడి మీదే పడుతుంది. 2020లో 3.14 వెర్షన్‌తో వచ్చిన టెంపోరల్ కంట్రోలర్‌లో ఇదే కాలమ్ పెడితే నడక అంతా కళ్లముందు మళ్లీ సాగుతుంది. ఎక్కడ ఎక్కువసేపు ఆగామో చూస్తే, రాసుకోవడం మరిచిన విషయాలు కూడా గుర్తొస్తాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన సదుపాయం ఇదే.

కట్ట పొడవు కొలిచేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. జీపీఎక్స్ అక్షాంశ రేఖాంశాల్లో, అంటే క్యూజీఐఎస్‌లో ఈపీఎస్‌జీ 4326 అనే కోడ్ ఉన్న కొలత పద్ధతిలో వస్తుంది. అందులో జామెట్రీ మీద మామూలు లెంగ్త్ ఫంక్షన్ వాడితే జవాబు డిగ్రీల్లో వస్తుంది. కిలోమీటరు కట్ట సుమారు 0.009 అని చూపిస్తుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే లెంగ్త్ అయితే ప్రాజెక్టులో పెట్టిన ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నటి నమూనా) ప్రకారం లెక్కేస్తుంది. నేను మాత్రం లేయర్‌ని మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర జోన్‌కి, అంటే ఈపీఎస్‌జీ 32644కి మార్చి, జియోప్యాకేజీ అనే మ్యాపు ఫైలులో దాచుకుంటాను. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44లోనే ఉంది. అనంతపురం, నారాయణపేట వాళ్లకి 43, ఇచ్ఛాపురం వాళ్లకి 45 వర్తిస్తుంది. జియోప్యాకేజీలోకి మార్చుకోవడం ఎలాగూ అవసరమే. చుక్కలు తీసెయ్యడం, కొత్త కాలమ్‌లు కలపడం లాంటి పనులకి జీపీఎక్స్ అనుకూలంగా ఉండదు.

చుక్కల్ని మళ్లీ గీతగా కలపడానికి పాయింట్స్ టు పాత్ ఉంది. రికార్డింగ్ ఆగి మొదలైన చోటల్లా కొత్త సెగ్మెంట్ మొదలై ఉండొచ్చు. గ్రూపు దగ్గర ట్రాక్ నంబరుతో పాటు సెగ్మెంట్ నంబరూ ఇవ్వకపోతే ఈ ముక్కకీ ఆ ముక్కకీ మధ్య పొలాల మీదుగా ఒక తిన్నని గీత లాగేస్తుంది. పొడవు లెక్క కూడా దాంతో తప్పిపోతుంది.

అసలు సెగ్మెంట్లు తెగేది ఎక్కువగా ఫోన్ వల్లే. స్క్రీన్ ఆరగానే బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌ని ఆపేసే ఫోన్లు చాలా ఉన్నాయి. సెట్టింగ్స్‌లో రికార్డింగ్ యాప్‌కి బ్యాటరీ పరిమితి తీసెయ్యందే కాలువ వెంట బయల్దేరకండి. ల్యాప్‌టాప్‌లో ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా రికార్డు కాని దారిని తిరిగి తేలేదు.

ఇక ఎత్తు. చాలా ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ నుంచి. భూగోళం మొత్తంలో సముద్ర మట్టం ఈ ఎలిప్సాయిడ్ కంటే బాగా కిందికి దిగేది మనకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో, దాదాపు 106 మీటర్లు. తెలుగు నేల మీదా ఆ తేడా పదుల మీటర్లలోనే ఉంటుంది. అందుకే విశాఖ బీచ్‌లో నడిచినా కొన్ని యాప్‌ల ట్రాక్‌లో మైనస్ అంకెలు వస్తాయి. ఆ తేడా సరిచేసే యాప్ వాడినా, ఫోన్ ఎత్తు చూసి నీళ్లు ఎటు వాలుతాయో చెప్పకూడదు. గొలుసుకట్టు కాలువల వాలు అంత మెల్లగా ఉంటుంది. దానికి లెవెలింగ్ పరికరంతో కొలవాల్సిందే.

అడ్డంగా కచ్చితత్వం నయం. ఆకాశం తెరిపిగా ఉంటే ఫోన్ దాదాపు 5 మీటర్ల లోపు చూపిస్తుంది, చెట్ల కింద అంతకంటే తప్పుతుంది. కట్ట మీద వెళ్లేటప్పుడు ఒక గీత, వచ్చేటప్పుడు ఒక గీత, రెండూ కట్టకి అటొకటి ఇటొకటి పడటం మామూలే. మత్తడి ఎక్కడ, తూము ఎక్కడ, కాలువ ఏ సర్వే నంబర్ల దగ్గర పూడిందో చూపించడానికి ఇది చాలు. ఊరి రైతులకి ప్రింటు తీసి ఇస్తే వాళ్లు వేలు పెట్టి చూపిస్తూ ఇంకో రెండు పిల్ల కాలువలు చెప్తారు, అవి వచ్చే నడకలో చేరతాయి.

శిఖం భూమి (చెరువు లోపలి భూమి) ఎక్కడిదాకా, ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) ఎవరి చేనులోంచి పోతుందన్న తగాదాలోకి మాత్రం ఫోన్ ట్రాక్‌ని తేవద్దు. అయిదు మీటర్ల తప్పు అక్కడ ఒక కుటుంబం మడి మొత్తం కావచ్చు. ఆ పని సర్వేయర్లు, ఫోన్ కంటే చాలా కచ్చితంగా కొలిచే డీజీపీఎస్ పరికరంతో చెయ్యాల్సింది.