పేస్‌మేకర్‌కి వంక లేదు, తర్వాత పట్టించుకోడమే లేదు (2/5)

మాది పర్లాకిమిడి, నాన్నకి పేస్‌మేకర్ పెట్టించడానికి వైజాగ్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. ఆపరేషన్ వరకు బాగానే అయింది, నర్సుల్లో ఒకావిడ నాన్నతో ఒడియాలో మాట్లాడితే ఆయన మొహం చూడాలి!

రెండు నెలలకి ఎడమ భుజం కింద కుట్ల దగ్గర ఎర్రగా ఉబ్బి, రోజూ బనీనుకి పసుపు మరక, జ్వరం మాత్రం లేదు. అక్కడికే తీసుకెళ్తే డ్రెస్సింగ్ చేసి మాత్రలిచ్చి పంపేశారు, అలా మూడుసార్లు, చీము కల్చర్ (క్రిములు పెరుగుతాయేమో చూసే ల్యాబ్ పరీక్ష) రెండ్రోజులు చూసి ఏమీ పెరగలేదని రిపోర్ట్ చేతిలో పెట్టారు. చివరికి వేరేచోట ఏఎఫ్‌బీ స్టెయిన్ (టీబీ జాతి క్రిములు కనిపించేలా రంగు వేసి చూసే పరీక్ష) చేసి, కల్చర్ ఇంకొన్ని రోజులు ఉంచితే మైకోబ్యాక్టీరియం ఫార్చూయిటమ్ అని తేలింది, మట్టిలో నీళ్లలో ఉండేదే, టీబీ క్రిమికి చుట్టం, కానీ మామూలు టీబీ మందులకి లొంగదు. అరుదే, ఒప్పుకుంటా, కానీ మాత్రలకి తగ్గని చీముని మూడోసారైనా అనుమానించాలి కదండీ. మెషీన్, వైర్లు మొత్తం తీసేసి, తగ్గాక కుడివైపు కొత్తది పెట్టారు, యాంటీబయాటిక్స్ నెలల తరబడి.

మొదటి హాస్పిటల్ వాళ్లు పార్కింగ్ 40 రూపాయలు మాత్రం ఒక్కసారీ మర్చిపోలేదు.