ఉగ్గుగిన్నె: తొందర లేని చేతికైతేనే

మా పాప 31 వారాలకే పుట్టింది. నోట్లో గొట్టంతో పాలు పట్టే రోజులు గడిచాక, ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉగ్గుగిన్నె చేతికిచ్చారు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదరాలంటే గర్భం లెక్కన సుమారు 34 వారాలు నిండాలి. అందాకా మాకు ఇదే దిక్కు. ఏ స్టీలు సామాన్ల కొట్లోనైనా దొరికేదే.

దీంట్లో నాకు నచ్చింది పాలు జారే ఆ గిన్నె ముక్కు. పాపను కాస్త నిటారుగా ఒళ్లో పెట్టుకుని, గిన్నె ముక్కును తన కింది పెదవికి ఆనించి, పాలు అంచుకు వచ్చేదాకా వంచి ఆగాలి. ఆకలిగా ఉంటే తనే నాలుక చాచి అందుకుంటుంది. నాలుక రాలేదా, ఇప్పుడొద్దని అర్థం. కళ్లు తెరవడం, చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకోవడం, పెదాలు కదపడం లాంటి గుర్తులు సిస్టర్లు చెప్పారు గానీ, నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ నాలుక చూశాకే.

అదే ముక్కు ఒక రాత్రి మా ప్రాణాల మీదికి తెచ్చింది. రెండు గంటలకోసారి పాలు పట్టాలన్నది రూలు. పాపేమో గాఢనిద్రలో ఉంది. డ్యూటీలో ఉన్నామె అరికాలు గిల్లి, నోరు కాస్త తెరుచుకోగానే గిన్నె వంచేసింది. పాలు బుగ్గలో నిలిచిపోయాయి, గుటక పడలేదు. పెదాలు నీలంగా మారాయి, మానిటర్‌లో శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 కంటే కిందికి జారి మోత మొదలైంది. ఆక్సిజన్ పెట్టారు, మళ్లీ గొట్టం వేశారు. ఆకలి గడియారం చూసుకుని వస్తుందా? ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

చుక్క వృథా కాదని పక్క బెడ్ తల్లులకు చెప్పేదాన్ని. అది సగమే నిజం. మెడ కింది గుడ్డ పిండితే పాలే. చార్టులో రాసేది గిన్నెలోంచి పోయిన లెక్క, కడుపులోకి పోయినది కాదు. అందుకే నేను రోజూ తూకమే చూసుకున్నాను. ఇంటికొచ్చాక మా అత్తగారు వెండి ఉగ్గుగిన్నె తీశారు. చూడముచ్చటగా ఉంది గానీ ముక్కు వెడల్పు, పాలు ఒక్కసారే దూకుతాయి. స్టీలుదే మరిగించి వాడాం. పాప రొమ్ము బాగా పట్టాక కూడా నెలల తరబడి విటమిన్, ఐరన్ చుక్కలకు పనికొచ్చింది.

మా అమ్మ తోడుంది కాబట్టి ఒక్కోసారి అరగంట కూర్చోగలిగాను. ఒంటరిగా చూసుకునేవాళ్లకు తేలికని చెప్పలేను. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ డాక్టరే చెప్పాలి. కొంటే మాత్రం సన్న ముక్కుది, అంచు వేలితో తడిమి చూసి తీసుకోండి.